పాచికలు పాఠకుడి చేతిలో ఉండవు

తమ్ముడూ, నువ్వు పంపిన 24 పేజీలు రెండుసార్లు చూశాను. సెషన్ నోట్సు చదవడానికి నాలుగు రాత్రులు పట్టింది. ముందు నీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో నీకు తెలుస్తుంది.

తిరుపతి కొర్లగుంటలో మిద్దె మీది గదిలో మీరు ఐదుగురు రెండేళ్లుగా ఆదివారం ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ అల్లుకునే ఆట అది. ఆట నడిపేది నువ్వు, ఆడేది నలుగురు. ఐదో ఎడిషన్ రూల్సు, ఫర్‌గాటెన్ రెల్మ్స్ ప్రపంచం. ఆ కథను తెలుగులో కామిక్‌గా తేవాలని మొదటి భాగం గీశావు. మీ అక్క ఆరో పేజీ దగ్గర ఆపేసి, "వీళ్లెవురు, యాడికి పోతా ఉండారు, ఎందుకు పోతా ఉండారు?" అని అడిగింది. ఆడిన నలుగురికేమో ప్రతి పేజీ బ్రహ్మాండంగా ఉంది. లోపం ఎక్కడుంది, ఆ ప్రపంచం పేర్లు వాడుకోవచ్చా, మాటలు డబ్బింగ్ సినిమాలా ఎందుకు వినిపిస్తున్నాయి అని అడిగావు.

బొమ్మల్లో లోపం లేదు. గీత మీద నీకు పట్టుంది, ముఖ్యంగా చేతులు బాగా వేస్తున్నావు. తేడా వచ్చింది ఎంపికలో. నీ నోట్సు ప్రకారం మొదటి భాగంలో 12 సెషన్లు పెట్టావు. ఒక్కోటి నాలుగు గంటలంటే 48 గంటల ఆట. 24 పేజీల్లో 120 ప్యానెళ్లు, అంటే బొమ్మల గళ్లు, ఉన్నాయి. అంటే ఒక్కో ప్యానెల్ 24 నిమిషాల ఆటను మోస్తోంది. మీ నలుగురికి ఆ 24 నిమిషాలు జ్ఞాపకం ఉన్నాయి కాబట్టి ప్యానెల్ చూడగానే అవన్నీ కళ్లముందుకొస్తాయి. మీ అక్క దగ్గర ఆ జ్ఞాపకం లేదు, ఆమెకు ఒక మనిషి ఒక తలుపు తీయడం మాత్రమే కనిపించింది.

పూటకూళ్ల ఇంట్లో కొట్లాటకు ఏడు పేజీలు ఎందుకిచ్చావో నాకు తెలుసు. ఆ రోజు మీ యోధుడికి 20 పడింది. ఇరవై ముఖాల పాచికలో ఆ అంకె పడే అవకాశం నూటికి ఐదే. గదిలో ఉన్నవాళ్లంతా లేచి అరిచి ఉంటారు, కింది ఇంటివాళ్లు పైకొచ్చి అడిగి ఉంటారు. 17 ఏళ్లుగా ఆట నడుపుతున్నాను, ఆ అరుపు నాకు కొత్త కాదు. అయితే కామిక్‌లో పాచిక ఎవరూ వెయ్యరు. అక్కడ 20 పడిందంటే రచయిత పడెయ్యాలనుకున్నాడని అర్థం. దెబ్బ తగలడమూ తప్పడమూ నీ ఇష్టమేనని పాఠకుడికి తెలుసు, అందుకే గెలుపు ఎంత పెద్దదైనా అతని గుండె వేగం మారదు. నీ నోట్సులో 1 పడిన చోట్లు, అంటే పని ఘోరంగా చెడిన చోట్లు వెతుకు. వంతెన దగ్గర తాడు జారడం, కాపలావాడికి అబద్ధం చెప్పబోయి నిజం చెప్పేయడం, ఇవి పాచిక లేకున్నా నిలబడతాయి. ఎందుకంటే అవి మీవాళ్లను కొత్త చిక్కులోకి నెట్టాయి, దాంట్లోంచి బయటపడే దారి వాళ్లే వెతుక్కోవాల్సి వచ్చింది.

నీ కామిక్ అసలు ఎక్కడుందో చెప్తాను. 19వ పేజీలో కింద కుడిమూల ఒక చిన్న ప్యానెల్ ఉంది. పాడుబడ్డ కోటలో దిగుడుబావి మెట్ల మీద వైద్యురాలు మోకాళ్ల మీద కూర్చుని ఉంటుంది. అంతే. నోట్సులో దాని గురించి రాసుకున్నది ఒకటిన్నర వాక్యం: ఆమె దగ్గర ఒక్క స్వస్థత మంత్రం మిగిలింది, ఒకవైపు యోధుడు, ఇంకోవైపు దారి తెలిసిన గాబ్లిన్ (మరుగుజ్జు జాతి) పిల్లాడు, ఇద్దరూ చావుబతుకుల్లో ఉన్నారు, "ఐదు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు, బజ్జీలు చల్లారిపోయినాయి." ఆ చల్లారిన బజ్జీలు చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. రెండేళ్ల ఆటలో మీరు నిజంగా ఊపిరి బిగబట్టిన చోటు అది. దానికి పాచికతో పని లేదు, ఆ అమ్మాయి నిర్ణయంతోనే పని. ఆ బరువు మీ అక్క భుజం మీద కూడా పెట్టొచ్చు. ఆట నుంచి కామిక్‌లోకి దాటించగలిగింది ఇదేనని నా అనుభవం: ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకోక తప్పని క్షణం. మిగతాది దాని చుట్టూ అల్లుకుంటుంది.

ఈ దారిలో నీకంటే ముందు నడిచినవాళ్లు చాలామంది. జపాన్‌లో లోడోస్ కథ 1986లో కాంప్టిక్ పత్రికలో ఆట సంభాషణల రూపంలోనే మొదలైంది. గ్రూప్ ఎస్ఎన్ఈ అనే బృందంవాళ్లు ఆడుతుంటే ఎవరు ఏమన్నారో అలాగే అచ్చువేశారు. ఆట నడిపింది ర్యో మిజునో. తర్వాత దాన్ని నవలలుగా రాసేటప్పుడు ఆయన ఆ సంభాషణలను ఉన్నవి ఉన్నట్టు దించలేదు, కథను మళ్లీ కట్టాడు. మాంగా, యానిమే ఆ తర్వాతే వచ్చాయి. డ్రాగన్‌లాన్స్ అనే ఇంకో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రపంచంలో ఇంకో ముచ్చట ఉంది. రైస్ట్‌లిన్ అనే మంత్రగాడి పాత్రను బల్ల దగ్గర ఆడిన టెర్రీ ఫిలిప్స్ గొంతు తగ్గించి, బొంగురుగా గుసగుసలాడాడు. రచయితలు ఆ గొంతును పట్టుకున్నారు. 1984 నుంచి వచ్చిన నవలల్లో ఆ పాత్రకు ప్రాణం ఆ గుసగుసే. మిన్‌స్క్ అనే వీరుడు ఒక ఆట బల్ల దగ్గర పుట్టి, 1998లో బాల్డర్స్ గేట్ కంప్యూటర్ ఆటలోకి వెళ్లి, 2014లో జిమ్ జబ్ రాసిన కామిక్‌లో తేలాడు. ఇన్ని చేతులు మారినా అతని భుజం మీది చిట్టెలుక, అమాయకమైన ధీమా మారలేదు. బల్ల నుంచి తీసుకెళ్లాల్సింది ఇలాంటివి: ఒక గొంతు, ఒక అలవాటు, ఒక మొండితనం. మీ దొంగ పాత్ర ఆడే కుర్రాడు అబద్ధం చెప్పేముందు చెవి గోక్కుంటాడని నువ్వే రాశావు, మరి బొమ్మలో ఆ చెవి ఎక్కడ?

రూల్సును దాచకుండా కథలోనే పెట్టే దారి కూడా ఒకటుంది. రిచ్ బర్లూ 2003 నుంచి నడుపుతున్న ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్‌లో పాత్రలకు తాము రూల్సు ఉన్న లోకంలో బతుకుతున్నామని తెలుసు, వాటి గురించి మాట్లాడుకుంటాయి కూడా. బొమ్మలు పుల్లల మనుషులే. 2012లో పాత సంపుటాల పునర్ముద్రణకు పాఠకులు 12 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. అది గొప్ప పని, కానీ దాని పునాది హాస్యం. నీ బావి సన్నివేశం అక్కడ పెడితే నలిగిపోతుంది. ఏదో ఒక దారి మొదటే తేల్చుకో. ఇప్పుడు మూడో పేజీలో గంభీరంగా యుద్ధం, నాలుగో పేజీలో "నా లెవెల్ పెరిగింది" అనే మాట ఉన్నాయి. మీ అక్క తికమకపడింది ఇక్కడ కూడా.

రూల్సును బొమ్మగా మార్చడం ఎలాగో బావి దగ్గరే చూద్దాం. ఐదో ఎడిషన్‌లో ప్రాణం సున్నాకి వచ్చినవాడు ప్రతి వంతులో పాచిక వేస్తాడు. పది, ఆపైన పడితే ఒక గెలుపు, లోపు పడితే ఒక ఓటమి. మూడు గెలుపులైతే నిలకడ, మూడు ఓటములైతే చావు. మీ యోధుడికి అప్పటికే రెండు ఓటములు. ఇది పాఠకుడికి చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు. అతని చేతిలో కత్తిపిడి ఉంది కదా, మొదటి ప్యానెల్‌లో పిడికిలి బిగిసి ఉండాలి, తర్వాతి దాంట్లో రెండు వేళ్లు విడిపోవాలి, మూడోది గీయకు. అలాగే వైద్యురాలికి ఒక్క మంత్రమే మిగిలిందని బుడగలో రాశావు, అది కూడా మాటలేకుండా చెప్పొచ్చు. మన ఊరివాళ్లకు ముడుపు తెలియని ఇల్లుందా? పసుపు గుడ్డలో కాసు పెట్టి మొక్కు చెప్పి ముడి వేస్తాం. మీ వైద్యురాలికి ఆ రోజు ఎన్ని మంత్రాలుంటే ఆమె పైటకొంగుకు పొద్దునే అన్ని ముడులు వెయ్యి. ఒక మంత్రం చదివినప్పుడల్లా ఒక ముడి విప్పించు. మొదటి పేజీ నుంచి ఇలా చూపిస్తూ వస్తే, బావి మెట్ల దగ్గరికొచ్చేసరికి కొంగున ఒకే ముడి కనిపిస్తుంది. పాఠకుడు తనే లెక్కపెట్టుకుంటాడు. మీ అక్కకు రూల్ పుస్తకం చదివించకుండానే ఆమె గుండెలో రాయి పడుతుంది.

80 సెషన్లు ఒక తాటి మీద ఎలా నిలబెట్టాలన్నావు. దానికి నమూనా మే నెలలో నీ వీధి గుండానే నడిచిపోతుంది. గంగమ్మ జాతర కథ తీసుకో. ఆడవాళ్లను చెరపట్టే పాలెగాడు గంగమ్మ విశ్వరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని వెతుకుతూ అమ్మ రోజుకొక వేషం వేసింది: బైరాగి, బండ, తోటి. చివరికి దొర వేషంలో వచ్చింది. తన పైదొర వచ్చాడనుకుని పాలెగాడు తానే బయటికొచ్చాడు, తల తెగింది. ఆ తర్వాత మాతంగి వేషంలో వాడి భార్యను ఓదార్చింది. కథ కట్టిన తీరు గమనించు. వెతుకులాట ఒక్కటే, వేషాలు మారతాయి. కాబట్టి ఏ రోజు చూడ్డానికి వచ్చినవాడికైనా ఎక్కడున్నామో తెలుస్తుంది. శత్రువు చిక్కింది బలంతో కాదు, దొర అంటే వాడికున్న భయభక్తులతో. పైగా శత్రువు చచ్చాక కథ ఆగిపోలేదు, వాడి ఇంట్లో ఏడ్చే మనిషి దగ్గరికి కూడా వెళ్లింది. నీ క్యాంపెయిన్‌కు, అంటే రెండేళ్లుగా నడుస్తున్న మీ ఆట కథకు, వెతుకులాట ఏది? నోట్సులో నాకు మూడు దొరికాయి: పోయిన చెల్లెలు, శాపం ఉన్న కిరీటం, డ్రాగన్ గుడ్డు. ఒకటి ఉంచు, రెండు తీసెయ్యి. చెల్లెలు ఉంచమంటాను, బావి దగ్గరి పిల్లాడికి ఆమెతోనే ముడి ఉంది కాబట్టి. ఒక్క మాట, జాతర కథనంలోంచి పద్ధతి నేర్చుకో, అమ్మవారిని మాత్రం పాత్రగా తెచ్చి పోరాటాల్లో దించవద్దు. నమ్మి మొక్కేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

పేర్ల సంగతి. ఫర్‌గాటెన్ రెల్మ్స్ ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నప్పటి నుంచి అల్లుకున్న ప్రపంచం, 1987లో ఆట ప్రచురణగా వచ్చింది. ఇప్పుడది డంజన్స్ అండ్ డ్రాగన్స్ వేసే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ సొత్తు. అప్పట్లో డీసీ కామిక్స్ దాని మీద 25 సంచికలు వేసింది, తర్వాత ఐడీడబ్ల్యూ వేసింది, ఇద్దరూ లైసెన్సుతోనే. ఫెయిరూన్, వాటర్‌డీప్, డ్రిజ్ట్ లాంటి పేర్లు పెట్టి నువ్వు కామిక్ అమ్మడానికి వీల్లేదు. డబ్బు తీసుకోకుండా అభిమానిగా పంచుకోవడానికి వాళ్ల ఫ్యాన్ కంటెంట్ పాలసీ కొన్ని షరతులతో ఒప్పుకుంటుంది. ఇక రూల్సు సారాంశమైన ఎస్ఆర్‌డీ 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద విడుదల చేశారు. దాంట్లో ఉన్న మంత్రాలు, జీవాలు, రూల్సు మూలం చెప్పి వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ ప్రపంచపు ఊళ్లు, దేవుళ్లు, వీరులు మాత్రం దాంతో నీ సొంతం కావు.

చట్టం పక్కన పెట్టి చెప్పాలన్నా, ఆ పేర్లు తీసేస్తే నీ కథకు నష్టం లేదు. నోట్సులో ప్రపంచం పేర్లన్నీ కొట్టేసి చదివి చూశాను. చెల్లెలి వెతుకులాట నిలిచింది, బావి నిలిచింది, దొంగ చెవి నిలిచింది. పోయింది పటం మాత్రమే. పటం నీ కిటికీలోంచి కనిపిస్తోంది కదా. చంద్రగిరి కోటకు ఒక స్కెచ్ పుస్తకం తీసుకుని పో. తాళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి రాజధానులు మార్చుకుంటూ వచ్చారు. ఓడిన రాజ్యం తలదాచుకున్న కోట ఎలా ఉంటుందో నీకు పది కిలోమీటర్లు పైచిలుకు దూరంలో రాతిలో కనిపిస్తుంది. శేషాచలం అడవిలో రాతి నెర్రెల్లో బంగారు బల్లి ఉంది. రాత్రిళ్లు గుండ్రటి పెద్ద కళ్లతో కొమ్మ పట్టుకుని కదిలే దేవాంగపిల్లి ఉంది. నరికితే ఎర్రగా కనిపించే చందనం, దాని కోసం అడవిలో దూరే మనుషులు ఉన్నారు. నీ పదో పేజీలోని పైన్ చెట్ల మంచు అడవి చక్కగానే ఉంది, కానీ అది నువ్వు ఫోటోలో చూసిన అడవి. తలకోన దారిలో బండల మీద నడిచినవాడివి, ఆ బండలు నీ చేతికి తెలుసు.

పేజీ అమరికకు కూడా ఒక మాట. శ్రీకాళహస్తి కలంకారీ పెద్ద గుడ్డ ఎప్పుడన్నా నిలబడి చదివావా? నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరుసలుగా చిన్న గళ్లు, గళ్ల వెంబడి తెలుగు అక్షరాల పట్టీ. కన్ను ఎటు పోవాలో ఆ పట్టీయే నడిపిస్తుంది. చింతబొగ్గుతో ముందు గుర్తులు వేసుకుని, ఆ తర్వాతే కసిమి నలుపుతో గీత లాగుతారు. నలుపు పడ్డాక చెరపడం ఉండదు. నువ్వు కంప్యూటర్ మీద గీస్తున్నావు కాబట్టి ఎన్నిసార్లైనా చెరపొచ్చు, అందుకే పేజీ నిర్ణయించకుండానే మొదటి ప్యానెల్‌కు రంగులు వేసేశావు. 24 పేజీలకూ బొటనవేలంత బొమ్మలు ముందు కాగితం మీద వేసుకో.

ఇక మాటలు. డబ్బింగ్‌లా వినిపించడానికి కారణం మీరు బల్ల దగ్గర సగం ఇంగ్లీషులో ఆడి, తర్వాత వాక్యాలను తెలుగులోకి దించడం. "మనం ఇక్కడి నుంచి బయటపడవలసిన అవసరం ఉంది" అని మీ దొంగ అంటున్నాడు. పైకప్పు కూలుతుంటే తిరుపతి కుర్రాడెవడూ అంత పొడుగు మాట అనడు. "పదండ్రా, కూలిపోతా ఉంది!" అంటాడు. "నువ్వు సరిగ్గా ఉన్నావా?" అన్నచోట "దెబ్బ ఏమన్నా తగిల్నా?" అని రాసి చూడు.

నలుగురూ ఒకే తెలుగు మాట్లాడుతున్నారు, అది కూడా మార్చు. మన జిల్లాల్లో సత్యవేడు పక్క మాటలో అరవం కలుస్తుంది, కుప్పం పక్క అరవమూ కన్నడమూ రెండూ కలుస్తాయి, మదనపల్లె యాస వేరు. బొమ్మ కింద పేరు లేకున్నా బుడగ చదివితే ఎవరి మాటో తెలియాలి. ఇంకొకటి, తెలుగులో నువ్వు, మీరు అనే తేడా ఉంది. ఆ ఇంగ్లీషు ఆటకు ఈ ఆయుధం లేదు. మీ అడవి మనిషి, నువ్వు ఎల్ఫ్ అని రాసిన పాత్ర, ఎవరినైనా నువ్వు అనే పిలవాలి, రాజునైనా సరే, ఆ జాతి భాషలో మీరు అన్న మాటే లేదనుకో. 60 పేజీల తర్వాత ఆమె ఒక్కరిని మీరు అంటే, ఆ ఒక్క మాట కోసం పాఠకుడు వెనక్కి తిప్పి చూస్తాడు.

లెటరింగ్‌లో, అంటే బుడగల్లో మాటలు పేర్చడంలో, నువ్వు చేసిన పొరపాటు అందరూ చేసేదే. బుడగలు ఇంగ్లీషు కామిక్ కొలతల్లో గీశావు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి, వరుసకూ వరుసకూ మధ్య ఎక్కువ చోటు కావాలి. మాటలు పొడుగు, మధ్యలో విరిస్తే చదవడానికి కష్టం. అందుకని ముందు మాటలు పేర్చు, తర్వాత బుడగ గీయి, ఆ తర్వాతే మనుషుల తలలు ఎక్కడుండాలో చూడు. ఫోటోషాప్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోవచ్చు. నీ ఎనిమిదో పేజీలో "శత్రువు" అలాగే చెదిరింది. ఖతులకు డబ్బు పెట్టక్కర్లేదు. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఖతుల్లో మండలి మామూలు మాటలకు సరిపోతుంది, అరుపులకు రామభద్ర లావుగా నిలబడుతుంది. కాళహస్తి కవి ధూర్జటి పేరు మీద కూడా ఒక ఖతి ఉంది, శీర్షికకు వేసి చూడు. చప్పుళ్లకు మాత్రం ఖతి వాడకు, చేత్తో రాయి. "క్రాష్", "బ్యాంగ్" తీసెయ్యి. కొమ్మ విరిగితే ఫెళ్ళుమంటుంది, మనిషి పడితే ధబ్బుమంటాడు, పాము జరజరా పాకుతుంది. ఇన్ని చప్పుళ్లున్న భాషలో రాస్తున్నావు.

నువ్వు అడగని సంగతి ఒకటి చెప్పాలి. ఆ నలుగురి పాత్రలు నీవి కావు. పేరు, స్వభావం, చాలాచోట్ల మాటలు కూడా వాళ్లు పుట్టించినవి. నా మొదటి కామిక్ 60 పేజీలు గీశాక, మాతో ఆడిన ఒక స్నేహితుడు తన పాత్రను పిరికివాడిగా చూపించానని బాధపడ్డాడు, అచ్చు వెయ్యొద్దన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది, నేను ముందు అడగలేదు. ఆ పేజీలు బీరువాలోనే ఉన్నాయి. ఆ స్నేహం మళ్లీ చిగురించడానికి మూడేళ్లు పట్టింది. కాబట్టి ఇప్పుడే నలుగురినీ కూర్చోబెట్టి చెప్పు: బల్ల దగ్గర అందరికీ సమాన వంతులు ఉంటాయి, కామిక్‌లో అలా కుదరదు, ఈ భాగం వైద్యురాలిది, మీ మాటలు కొన్ని మారతాయి. ఒప్పుకుంటే కాగితం మీద రాసుకోండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే చెల్లుతుంది, ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లుగానే లెక్కిస్తారు, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియాకే పరిమితం. కాలం, ప్రాంతం, వచ్చిన డబ్బులో వాటా, మూడూ రాయండి. స్నేహితుల మధ్య కాగితమేమిటి అనిపిస్తుంది, అయినా రాయండి.

24 పేజీలు తిరగరాయకు, పక్కన పెట్టు. బావి ఒక్కటే ఎనిమిది పేజీల కథగా గియ్యి. మొదటి పేజీలో పొద్దున ఆమె కొంగుకు ముడులు వేసుకోవాలి, వేస్తూ చెల్లెలి పేరు ఒక్కసారి అనాలి. రెండు నుంచి ఐదు వరకు కోటలోకి దిగడం, ముడులు తగ్గడం. ఆరో పేజీ మొత్తం మెట్లు, ఇద్దరు, ఆమె. మాట ఉండకూడదు. ఏడో పేజీ కుడివైపు రావాలి, దాని చివరి ప్యానెల్‌లో ఆమె వేళ్లు ముడి మీద ఉండాలి. ఎవరిని బతికించిందో పేజీ తిప్పితేనే తెలియాలి. గీశాక మీ అక్కకు ఇచ్చి, నువ్వు పక్క గదిలోకి వెళ్లు. ఏడో పేజీ దగ్గర ఆమె చెయ్యి ఎంతసేపు ఆగిందో తలుపు సందులోంచి చూసి నాకు రాయి.